ఇనుయిట్ కుటుంబం ఒక ఇంట్లో పట్టదు

కెనడా ఉత్తరాన, ఇనుయిట్ అనే ఆర్కిటిక్ ఆదివాసులు ఎక్కువగా ఉండే నునావుట్‌లో ప్రభుత్వ ఇల్లు కావాలంటే ఊరి హౌసింగ్ అసోసియేషన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరెవరు కలిసి ఉంటారు, ఎవరి సంపాదన ఎంత, ఇప్పుడున్న ఇల్లు ఎలా ఉంది అన్నీ రాయాలి. పాయింట్లు వేసి వరసలో పెడతారు, ఇల్లు ఖాళీ అయినప్పుడు తాళం చేతికిస్తారు. పద్ధతిగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కల్లా ఆ కాగితం కుటుంబమని దేన్ని అనుకుంటుందన్న దగ్గరే. అది ఒక కప్పు కింద పడుకునేవాళ్లను లెక్క పెడుతుంది. ఇనుయిట్ల కుటుంబం అలా ఉండదు. అమ్మమ్మ ఒక ఇంట్లో ఉంటుంది, ఆమె పెంచుకుంటున్న మనవడూ అక్కడే ఉంటాడు. వాణ్ని కన్నతల్లి నాలుగిళ్ల అవతల, వేటకెళ్లే మేనమామ ఊరికి ఆ చివర. అందరి మాంసం దాచే ఫ్రీజర్ ఇంకెవరిదో వరండాలో. వీళ్లంతా కలిస్తే ఒక కుటుంబం, దాన్ని ఇలగీత్ అంటారు. ఇనుయిట్ కుటుంబాలు బాగున్నాయా లేదా అని తేల్చేది ఆ ఇళ్ల లోపలి సంగతులకన్నా ఆ ఇళ్ల మధ్య నడిచే రాకపోకలే అని నా అభిప్రాయం. మాంసం, పిల్లలు, పేర్లు, మాటలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతున్నంత కాలం చాలా కష్టాలు తట్టుకుంటారు. తిరగడం ఆగిన చోట జబ్బులు, ఆకలి, దిగులు వరసగా కనబడతాయి.

ముందు చోటు సంగతి. 2021 జనాభా లెక్కల్లో కెనడా ఇనుయిట్లు 70 వేల పైచిలుకు. వాళ్లలో పదికి ఏడుగురు దాకా ఇనుయిట్ నునాంగట్ అనే సొంత నేల మీదే ఉన్నారు. అది నాలుగు భాగాలు: పడమట ఇనువియాలుయిట్, మధ్యలో నునావుట్, క్యూబెక్ ఉత్తరాన నునావిక్, లాబ్రడార్ తీరాన నునాట్సియావుట్. మొత్తం 51 ఊళ్లు. ఒక్క నునావుట్‌లోనే 25 ఉన్నాయి, వాటిలో ఏ ఊరి నుంచి ఏ ఊరికీ రోడ్డు లేదు. విమానం ఎక్కాలి, లేదంటే మంచు మీద స్నోమొబైల్, నీళ్లు తెరుచుకున్నాక పడవ. బరువు సరుకు వేసవిలో ఓడ మీద వస్తుంది. ఊళ్లు చాలావరకు కొన్ని వందల నుంచి రెండు వేల దాకా జనాభావి.

ఇగ్లూలిక్, కికిక్తార్జువాక్ అనే రెండు ఊళ్లలో పరిశోధకులు ఇనుయిట్లనే కూర్చోబెట్టి, బాగుండడమంటే మీ దృష్టిలో ఏమిటని అడిగారు. ఆ అధ్యయనం 2011లో అచ్చయింది. జవాబులు మూడు దారుల్లో వచ్చాయి: కుటుంబం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, నేల మీద బతికే పాత విద్యలు. దుఃఖం ఎప్పుడని అడిగితే ఆ మూడూ లేనప్పుడు అన్నారు. బయటినుంచి వెళ్లే సేవలు ఈ మూడింటినీ మూడు శాఖలకు పంచేశాయి. ఊళ్లలో మాత్రం అవి ఒకే పని. వేటాడి తెచ్చిన సీల్ అనే సముద్ర జంతువును కోసే చోటే మాటలు నడుస్తాయి, పిల్లలు కోయడం నేర్చుకునేదీ అక్కడే.

పేరుతో వచ్చే చుట్టాలు

బిడ్డ పుడితే ఈ మధ్య పోయినవాళ్ల పేరో, ఇష్టమైన పెద్దవాళ్ల పేరో పెడతారు. పేరుకు ఆడ, మగ అన్న తేడా లేదు. ఒక్కో బిడ్డకు రెండు మూడు పేర్లు ఉండొచ్చు, ఒకే మనిషి పేరు నలుగురైదుగురు పిల్లలకు వెళ్లొచ్చు. మన ఇళ్లలో మామగారి పేరు పెట్టుకున్న కొడుకును కోడలు పేరుతో పిలవలేక నాన్నా అనో బాబూ అనో అంటుంది కదా, ఇనుయిట్లు ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లారు. పేరుతో పాటు ఆ మనిషి చుట్టరికాలన్నీ బిడ్డకు వస్తాయి. తన తల్లి పేరు పెట్టిన కొడుకును తండ్రి అమ్మా అనే పిలుస్తాడు. పోయినాయన భార్య ఆ పేరున్న పసివాణ్ని పెనిమిటి వరసతో పలకరిస్తుంది, చేతిజోళ్లు కుట్టిస్తుంది, మంచి ముక్క పక్కన పెడుతుంది.

దీనివల్ల ఇంట్లో జరిగే పని పెద్దదే. నడక రాని పిల్లకు కూడా ఊళ్లో ఐదారు ఇళ్లలో హక్కుగా వెళ్లే చోటు ఉంటుంది. ఒక ఇంట్లో తాగుడో గొడవో మొదలైతే ఆ పిల్ల ఎవరింటికి నడవాలో దానికి తెలుసు, తలుపు తట్టే ఆచారం కూడా లేదు. పెద్దవాళ్లు పిల్లల మీద అరవకపోవడానికీ ఇదొక కారణం, అమ్మమ్మ పేరున్నదాన్ని అమ్మమ్మను తిట్టినట్టు తిట్టలేరు. అరవడమంటే పెద్దవాడే చిన్నపిల్లాడిలా అయిపోవడమన్నది మరో లెక్క. ఆలోచన పిల్లలకు మెల్లగా వస్తుందని, వచ్చేదాకా ఓపిక పట్టాలని అంటారు. కెనడా దక్షిణాది నుంచి వచ్చిన టీచర్లకు ఇది గారాబంలా కనిపించడం పాత కథే.

ఈ పేర్ల లెక్క ప్రభుత్వానికి అంతుపట్టలేదు. 1941 నుంచి మెడలో కట్టుకోవడానికి నంబరు బిళ్లలు ఇచ్చారు, తూర్పువాళ్ల నంబరు ముందు ఒక అక్షరం, పడమటివాళ్లకు మరొకటి. తర్వాత 1960ల చివర్లో ఇంటిపేర్ల కార్యక్రమం పెట్టారు. ఏబ్ ఓక్పిక్ అనే ఇనుయిట్ నాయకుడు ఊరూరూ తిరిగి ఇంటిపేర్లు రాయించాడు. అంతకుముందు ఇంటిపేరన్నదే లేదు కాబట్టి అన్నదమ్ములు ఒకరు తండ్రి పేరు, ఒకరు తాత పేరు రాయించుకున్న ఇళ్లున్నాయి. స్పెల్లింగు కూడా ఆఫీసుకో రకం. కాగితం మీద అక్క, తమ్ముడు అని తెలియనివాళ్లు ఊరంతా కనబడతారు. కాగితంలో ఏ సంబంధమూ లేని ఇద్దరు పేరు వరసన తల్లీబిడ్డలు కావచ్చు. కొత్తగా వచ్చిన నర్సుకో, పిల్లల సంరక్షణ అధికారికో ఇది తెలియకపోతే, బంధువులెవరూ లేరని రాసి పిల్లను వేరే ఊరికి పంపేస్తారు. అడగాల్సిన ప్రశ్న మీ బంధువులెవరని కాదు. ఈ పిల్లది ఎవరి పేరు, ఆ పేరువాళ్ల మనుషులు ఊళ్లో ఎవరున్నారు అని.

పెంపకం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఇనుయిట్లలో బిడ్డను అమ్మమ్మకో, పిల్లల్లేని అక్కకో ఇవ్వడం మామూలే. కన్నవాళ్లెవరో బిడ్డకు మొదటినుంచీ తెలుసు, ఒక్కోసారి ఇద్దరమ్మలూ ఒకే వీధిలో ఉంటారు. ఈ ఆచార దత్తతను గుర్తిస్తూ పక్కనున్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రభుత్వం 1994లో చేసిన చట్టం 1999 ఏప్రిల్ 1న నునావుట్ విడిపోయినప్పుడు దానికీ వచ్చింది. ఊళ్లో ఆచార దత్తత కమిషనర్ ఉంటారు. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఆయన దగ్గర వివరాలు రాయిస్తారు, ఆచారం ప్రకారమే జరిగిందని ఆయన నమ్మితే సర్టిఫికెట్ తయారవుతుంది, అది కోర్టులో దాఖలైతే కోర్టు ఉత్తర్వుతో సమానం. లాయరు అక్కర్లేదు, ఇంటి తనిఖీ అక్కర్లేదు. క్యూబెక్ మాత్రం ఇలాంటి గుర్తింపు చట్టాన్ని 2017లో గానీ చేయలేదు. కాగితం లేకపోతే పిల్లల భత్యం, ఆరోగ్య కార్డు, ప్రయాణ అనుమతి అన్నీ ఇరుక్కుంటాయి. అలాగని ఈ ఆచారాన్ని వెన్నముద్దగా చూపించడం సరికాదు. పెద్దావిడ మాట కాదనలేక బిడ్డను ఇచ్చేసిన చిన్నవయసు తల్లులున్నారు, నన్నెందుకు ఇచ్చేశారన్న బాధతో పెరిగినవాళ్లూ ఉన్నారు. రెండిళ్ల మధ్య రాకపోకలు బాగున్నంతవరకే ఈ ఏర్పాటు నిలబడుతుంది.

సీల్ ఎలా పంచుకుంటారు, ఖర్చు ఎవరిది

రింగ్డ్ సీల్ ఒకటి 50 నుంచి 70 కిలోలుంటుంది. ఇంటికి తెచ్చాక వంటింటి నేల మీద అట్టపెట్టెలు విప్పి పరుస్తారు. బల్ల మీద ఎందుకు కాదంటే, జంతువు పట్టదు, చుట్టూ పదిమంది కూర్చోలేరు. అట్ట నెత్తురు పీల్చుకుంటుంది, పనయ్యాక చుట్టి పారేయొచ్చు. ఉలు అనే అర్ధచంద్రపు కత్తితో గడ్డం కింద నుంచి పొట్ట మీదుగా కింది దాకా ఒకే గీత పెట్టి, తోలును కొవ్వుతో సహా విడదీస్తారు. కాలేయం అక్కడికక్కడే చిన్న కొవ్వు ముక్కతో తింటారు. ముందు పెద్దవాళ్లకు, గర్భిణులకు. సీల్ మాంసంలో ఇనుము చాలా ఎక్కువ, దుకాణపు గొడ్డుమాంసం కన్నా ఎన్నో రెట్లు.

పాతకాలంలో నెట్సిలిక్ ఇనుయిట్లు చలికాలపు సీల్‌ను 14 భాగాలు చేసేవాళ్లు. ఒక్కో వేటగాడికి ఒక్కో భాగానికి ఒక్కో జోడీదారు ఉండేవాడు. జోడీలు సాధారణంగా చిన్నప్పుడే తల్లులు కుదిర్చేవి, దగ్గరి చుట్టాలను జోడీగా పెట్టేవాళ్లు కాదు. చుట్టాలకు ఎలాగూ వాటా వస్తుంది కదా! ఈ ఏర్పాటు వల్ల ఆ రోజు ఎవరి బల్లేనికి సీల్ తగిలినా, తగలనివాళ్ల ఇళ్లలోనూ దీపం వెలిగేది. దీపానికి కావలసింది ఆ కొవ్వే. ఇప్పుడు అంత కచ్చితమైన లెక్క లేదు. నునావుట్‌లోని బాఫిన్ దీవి ఊళ్లలో నింగిక్తుక్ అనే పంపకం నడుస్తుంది. వేటగాడు తెచ్చింది ముందు ఇలగీత్ పెద్ద చేతికి వెళ్తుంది, ఎవరింటికి ఎంత అన్నది ఆ పెద్దే చెబుతారు. మిగిలితే ఊరి ఎఫ్ఎం రేడియోలో, ఈమధ్య ఫేస్‌బుక్ గ్రూపులో, మా ఇంటికొచ్చి తీసుకెళ్లండి అని చెబుతారు. మొదటిసారి వేటాడిన పిల్లాడు తన వేట నుంచి ఒక్క ముక్కా ఉంచుకోకూడదు. నునావిక్‌లో అది పుట్టినప్పుడు బొడ్డు కోసిన సనాజి ఇంటికి వెళ్తుంది. ఆవిడ దాన్ని అందరికీ పంచుతుంది, సంబరమంతా ఆవిడదే.

ఇక్కడిదాకా అందంగానే ఉంటుంది. కష్టం పెట్రోలు దగ్గర మొదలవుతుంది. కొత్త స్నోమొబైల్ 15 వేల డాలర్లు దాటుతుంది, గట్టిగా వాడితే కొన్నేళ్లకే మూలపడుతుంది. పైన తూటాలు, ఇంధనం, టెంటు, శాటిలైట్ ఫోను. 1983కు ముందు సీల్ తోళ్లు అమ్మితే ఈ ఖర్చు గట్టెక్కేది. ఆ ఏడాది ఐరోపా దేశాల కూటమి తెల్ల సీల్ పిల్లల తోళ్ల దిగుమతిని నిషేధించింది. ఇనుయిట్లు వేటాడేది ఆ పిల్లలను కాదు, ఎదిగిన రింగ్డ్ సీల్‌ను. అయినా బజారులో సీల్ తోలు అన్నదానికే ధర పడిపోయింది. 2009లో వచ్చిన మరో ఐరోపా నిషేధంలో ఇనుయిట్లకు మినహాయింపు రాశారు, కొనేవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. దాంతో వేట జీతం మీద ఆధారపడింది. భార్య స్కూల్లోనో ఊరి పాలన చూసే హామ్లెట్ ఆఫీసులోనో పనిచేస్తుంది, ఆ జీతంతో భర్తో తమ్ముడో వేటకెళ్తారు. జీతం వచ్చేవాళ్లకు తీరిక లేదు, తీరిక ఉన్నవాళ్ల దగ్గర బండి లేదు. ఇలగీత్‌లో ఈ రెండూ కలవకపోతే ఆ కుటుంబం దుకాణం మీద పడుతుంది. 2017 ప్రభుత్వ సర్వేలో ఇనుయిట్ నునాంగట్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో 76 శాతం తిండికి భరోసా లేని ఇళ్లలో ఉన్నట్టు తేలింది.

నునావిక్‌లో దీనికో మందు ఉంది. 1975లో భూమి హక్కుల మీద కుదిరిన జేమ్స్ బే ఒప్పందం నుంచి పుట్టిన వేటగాళ్ల సహాయ పథకం కింద ఊరి కౌన్సిల్ వేటగాళ్ల దగ్గర మాంసం, చేపలు కొని ఊరి ఫ్రీజర్‌లో పెడుతుంది. ఎవరైనా వచ్చి ఊరికే తీసుకెళ్లొచ్చు. వేటగాడికి పెట్రోలు డబ్బులు వస్తాయి, ఒంటరి ముసలమ్మకు ఎవరినీ అడగకుండా తిండి దొరుకుతుంది. నాకు నచ్చేది ఈ రెండోదే, ఎందుకంటే పంచే చుట్టం లేనివాళ్లే ఈ వ్యవస్థలో ఎప్పుడూ దెబ్బతినేది. దీని బలహీనతలు మాత్రం మామూలువే. కంప్రెసర్ చెడితే బాగుచేసేవాడు విమానంలో రావాలి. మంచి ముక్కలు మొదటి గంటలో అయిపోతాయి, ఇంటికి బండి లేనివాళ్లు వచ్చేసరికి ఎముకలు మిగులుతాయి. దగ్గర్లో జంతువే లేకపోతే ఫ్రీజర్ ఖాళీ. బాఫిన్ దీవిలో దుప్పి జాతి క్యారిబూ పడిపోవడంతో 2015లో వేట ఆపేశారు, తర్వాత ఏడాదికి 250 మగవాటికి మాత్రమే అనుమతిచ్చారు. ఆ తగ్గుదల కాలంలోనే సౌతాంప్టన్ దీవి నుంచి ఫేస్‌బుక్‌లో ఆర్డరు పెట్టి విమానంలో మాంసం తెప్పించుకోవడం పెరిగింది. మాంసం అమ్మొచ్చా అన్న వాదన అప్పటినుంచి చల్లారలేదు. అమ్మితే వేటగాడు బతుకుతాడు, కానీ అమ్మిన ముక్కతో చుట్టరికం వెళ్లదు.

పంచుకునే తిండిలో ప్రమాదమూ పంచుకుంటారు, దాన్ని ఎలా ఎదుర్కొన్నారన్నది ఈ విషయం మొత్తంలో నాకు బాగా నచ్చే భాగం. వాల్రస్ అనే పెద్ద దంతాల సముద్ర జంతువు మాంసంలో ట్రికినెల్లా అనే పురుగు పిల్లలు ఉండొచ్చు. పంది మాంసంలో దొరికే రకం గడ్డకడితే చస్తుంది, ఆర్కిటిక్ రకం చావదు, నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉన్నా బతికే ఉంటుంది. బాగా ఉడికిస్తే చస్తుంది, కానీ వాల్రస్‌ను పచ్చిగానో పులియబెట్టి ఇగునాక్‌గానో తినడమే వాళ్లకిష్టం. ఒక జంతువు పదిహేను ఇళ్లకు వెళ్తుంది కాబట్టి జబ్బూ పదిహేను ఇళ్లకు వెళ్తుంది. మొదట కడుపు చెడుతుంది, వారం రెండు వారాల్లో జ్వరం, కండరాల నొప్పి, కనురెప్పల వాపు. తినొద్దని చెప్పి ఊరుకుంటే ఎవరూ వినరు. 1990ల నుంచి నునావిక్‌లో వేరే దారి పట్టారు. వేటగాళ్లు ప్రతి వాల్రస్ నాలుక కోసి కూజువాక్‌లోని నునావిక్ పరిశోధన కేంద్రానికి విమానంలో పంపుతారు. పురుగులు నాలుక కండరంలో ఎక్కువ చేరతాయి కనుక నాలుకే. అక్కడ దాన్ని రుబ్బి, పెప్సిన్, ఆమ్లం కలిపిన నీళ్లలో అరగనిచ్చి, అడుగున చేరినదాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తారు. జవాబు ఊరికి ఒకట్రెండు రోజుల్లో చేరుతుంది, రేడియోలో చెబుతారు. అంతదాకా ఎవరూ తినరు. ఏ ముక్క ఏ జంతువుదో గుర్తుండేలా మూటలకు చీటీలు కడతారు. ఈ మెట్టులో బద్ధకిస్తే ఒక్క జంతువుకు పురుగు తేలినా వేట మొత్తం పారేయాల్సి వస్తుంది. వాతావరణం బాగాలేక విమానం ఆగితే ఓపిక పట్టాలి, ఆ ఓపిక లేనప్పుడే జబ్బులు వచ్చాయి.

ఇగునాక్‌కు ఇంకో గండం బొటులిజం, అంటే సూక్ష్మజీవి విషం వల్ల వచ్చే జబ్బు. ఆర్కిటిక్‌లో దొరికే ఇ రకం సూక్ష్మజీవి 3 డిగ్రీల సెల్సియస్ దాటితేనే పెరగగలదు, గాలి తగలని చోటు దానికి కావాలి. పాత పద్ధతిలో మాంసాన్ని తోలులో కట్టి చల్లటి గులకరాళ్ల కింద పెట్టేవాళ్లు, చలి ఉంటుంది, గాలి ఆడుతుంది. మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లో వేసి ఇంట్లో వెచ్చగా ఉంచితే గాలి పోయింది, వేడి వచ్చింది. రుచి త్వరగా వస్తుందనుకుంటారు, విషం త్వరగా వస్తుంది. చూపు రెండుగా కనబడడం, నోరు ఎండడం, మింగలేకపోవడం మొదలైతే నర్సింగ్ స్టేషన్‌కు పరుగెత్తాలి, విరుగుడు మందు ఉంది. ఆ బకెట్‌లోంచి ఇంకెవరికి వెళ్లిందో తెలుసుకోవడానికి మాత్రం గంట పట్టదు. ఎవరికి ఏ ముక్క ఇచ్చారో ప్రతి ఇంటికీ గుర్తుంటుంది, మిగతాది రేడియో చూసుకుంటుంది.

కానుపు ఊళ్లోనే

1970లు, 80లలో నునావిక్ గర్భిణులను నెలలు నిండకముందే విమానం ఎక్కించి దక్షిణాది ఆసుపత్రులకు పంపేవాళ్లు. వారాల తరబడి ఒంటరిగా హాస్టల్లో ఉండాలి, ఇంటి దగ్గర పిల్లలను ఎవరు చూస్తారన్నది ఆ ఇలగీత్ బాధ. బొడ్డు కోసే సనాజి అక్కడ ఉండదు, అంటే బిడ్డకు ఒక చుట్టరికం పుట్టుకలోనే తెగిపోతుంది. 1986లో పువిర్నితుక్‌లో ప్రసూతి కేంద్రం తెరిచారు. ఊరి ఆడవాళ్లే పని చేస్తూ మంత్రసాని చదువు నేర్చుకున్నారు. తర్వాత ఇనుక్జువాక్, సల్లుయిట్‌లలోనూ మొదలుపెట్టారు. అక్కడ సిజేరియన్ చేసే సౌకర్యం లేదు, మాంట్రియల్ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాబట్టి ప్రతి గర్భిణి కాగితాలనూ సుమారు 32 నుంచి 34 వారాల మధ్య మంత్రసానులు, డాక్టర్లు, నర్సులు కూర్చుని చూసి, ఎక్కడ కనాలో తేలుస్తారు. రక్తపోటు, కవలలు, పాత సిజేరియన్ ఉంటే ముందే పంపుతారు. ఇలా వడపోస్తే చాలామంది అక్కడే కంటున్నారు, ఫలితాలు భయపడినట్టు లేవు. నునావుట్‌లో చాలా ఊళ్ల ఆడవాళ్లు ఇప్పటికీ నునావుట్ రాజధాని ఇకలుయిట్‌కో, ఇంకా కిందికి ఒటావా, విన్నిపెగ్‌లకో వెళ్లి ఎదురుచూస్తూ కూర్చుంటారు. మంత్రసానులను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది, ఊళ్లో ఉన్న ఇద్దరిలో ఒకరు అలసిపోయి మానేస్తే కేంద్రమే మూతపడుతుంది. భవనం కట్టడం తేలికే.

ఇల్లు, గాలి, క్షయ

2021 లెక్కల్లో ఇనుయిట్ నునాంగట్‌లోని ఇనుయిట్లలో సగానికి పైగా కిక్కిరిసిన ఇళ్లలో ఉన్నారు. కలిసి ఉండడం వాళ్లకిష్టమని కొందరు అధికారులు దీన్ని తేల్చేస్తుంటారు. కలిసి తినడం ఇష్టం, సోఫా మీద వంతులవారీగా నిద్రపోవడం కాదు.

నలుగురి కోసం కట్టిన ఇంట్లో పదిమంది ఉంటే ఏం జరుగుతుందో చూడండి. చాలా ఊళ్లలో నీళ్లు లారీలో వస్తాయి, ఇంట్లో ఒక నీళ్ల ట్యాంకు, ఒక మురుగు ట్యాంకు ఉంటాయి. మురుగు ట్యాంకు నిండితే నీళ్ల పంపు తనంతట ఆగిపోయేలా మీట ఉంటుంది. తుఫానులో లారీ రెండు రోజులు రాకపోతే నీళ్లున్నా కుళాయి తిరగదు. చేతులు కడగడం ఆగుతుంది, పసిపిల్లలకు విరేచనాలు, చర్మం మీద పుళ్లు. చలికి ఇల్లు బిగుతుగా మూస్తారు, గాలి మార్చే పని వేడిని ఆదా చేసే వెంటిలేటర్‌ది. బాఫిన్ ప్రాంతపు ఊళ్లలో వీటిని పెట్టి చూస్తే చిన్నపిల్లల్లో పిల్లికూతలు తగ్గాయి. కానీ వడపోత గుడ్డ దుమ్ముతో, బొచ్చుతో మూసుకుపోతుంది, చల్లగాలి కొడుతోందని స్విచ్ ఆపేస్తారు. అమర్చినప్పుడే ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చూపించి, గుడ్డ మార్చే మనిషిని ఊళ్లోనే పెడితేనే అది నడుస్తుంది.

ఇలాంటి గాలిలో క్షయ పండగ చేసుకుంటుంది. 2015, 16 నాటి లెక్కల్లో ఇనుయిట్లలో దాని రేటు కెనడాలో పుట్టిన ఆదివాసీయేతరుల కంటే దాదాపు 300 రెట్లు. వైద్యం మీద అపనమ్మకానికి పాత కారణం ఉంది. 1950లలో సీ.డీ. హౌ అనే ఓడ ఊళ్లకు వచ్చి ఎక్స్‌రే తీసేది, క్షయ తేలినవాళ్లను అట్నుంచటే దక్షిణాదికి తీసుకెళ్లేది. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇనుయిట్లలో ఒకరు అక్కడి ఆసుపత్రుల్లో ఉన్నారు. కొందరు పోయారన్న కబురు కూడా ఇంటికి రాలేదు. ఆ సమాధులను వెతికే పని ఇంకా సాగుతోంది, అప్పటి ప్రధాని ట్రూడో 2019 మార్చిలో ఇకలుయిట్‌కు వచ్చి క్షమాపణ చెప్పారు. అందుకే 2018లో కికిక్తార్జువాక్‌లో ఊరందరినీ పరీక్షించినప్పుడు మందుకన్నా ముందు నమ్మకం సంపాదించాల్సి వచ్చింది. అందరినీ పిలిస్తే ఎవరి మీదా మచ్చ పడదు, జబ్బు నిద్రలో ఉన్నవాళ్లూ దొరుకుతారు. పాత మందు తొమ్మిది నెలలు మింగాలి, వేటకెళ్లేవాడు మధ్యలో మానేస్తాడు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 మోతాదులైతే వేట క్యాంపుల మధ్య సర్దుకోవచ్చు.

చేతికి పని ఉంటే మాట వస్తుంది

1950లు, 60లలో జనాన్ని ఊళ్లలో స్థిరపరిచాక వాళ్ల మంచు బండ్లు లాగే కుక్కలను కాల్చేశారు, పిల్లలను హాస్టల్ బడులకు పంపారు. ఆ పిల్లలు పెరిగి తల్లిదండ్రులైన కాలంలోనే ఆత్మహత్యలు పెరిగాయి, ముఖ్యంగా కుర్రాళ్లలో. అంతకుముందు యువకుల్లో అది అరుదు. కాబట్టి ఇది రక్తంలో ఉన్నది కాదు, ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లాల్సినవి తెగిపోతే వచ్చినది. 2016లో ఇనుయిట్ల జాతీయ సంస్థ ప్రకటించిన నివారణ వ్యూహం కూడా పసితనం నుంచే మొదలుపెట్టమంటుంది.

నునావుట్‌లో క్లైడ్ రివర్ అనే ఊళ్లో 1997లో మొదలైన ఇలిసాక్సివిక్ సంస్థ పనితీరు చూస్తే ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. కౌన్సెలర్లు ఊరివాళ్లే, మాట వాళ్ల భాష ఇనుక్టిటుట్‌లోనే. ఊళ్లో నాలుగు గోడల మధ్య ఎదురెదురుగా కూర్చుని నీ బాధ చెప్పు అంటే కుర్రాడు నేల చూస్తాడు. అదే కుర్రాణ్ని తండ్రితోనో తాతతోనో మంచు మీదికి తీసుకెళ్తే, ఒకరు స్టవ్ వెలిగించాలి, ఒకరు మంచు కరిగించాలి, ఒకరు వల లాగాలి. పక్కపక్కన పనిచేస్తుంటే మూడో రోజుకో నాలుగో రోజుకో మాట దానంతటదే వస్తుంది. ఒక్క రాత్రి క్యాంపు వల్ల ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. ఆర్వియట్‌లో బడి పిల్లలకు వేట నేర్పే కార్యక్రమంలోనూ మొదటి పాఠం తుపాకీ కాదు, మంచు చూడడం, తిరిగి వచ్చాక ఎవరికి పంచాలన్నది.

ఆడవాళ్ల కుట్టు గుంపులూ, కుల్లిక్ దీపం నేర్పే తరగతులూ ఇలాగే నడుస్తాయి. సబ్బురాయి దీపంలో సీల్ కొవ్వును చితక్కొట్టి పెడతారు, నాచులో పత్తిగడ్డి దూది కలిపి తిన్నని అంచు వెంట సన్నగా వత్తి పేరుస్తారు, తక్కుత్ అనే పుల్లతో మంటను అంచంతా సమంగా సర్దుతారు. వత్తి మందమైతే పొగ, నూనె ముంచితే మంట ఆరిపోతుంది. కళ్లు తిప్పకుండా చూసుకోవాల్సిన పని కనుక అక్కడే గంటలు కూర్చుంటారు, కోడలు చెప్పలేని సంగతి అక్కడ మేనత్త చెవిన పడుతుంది.

ఈ క్యాంపులకు అడ్డం డబ్బు కన్నా డబ్బు వచ్చే తేదీ. కెనడా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. క్యాంపుకు సరైన కాలం ఏప్రిల్, మే నెలలు: రోజంతా వెలుతురు, మంచు ఇంకా గట్టిగా ఉంటుంది, సీల్స్ ఎండకు మంచు మీదికి వస్తాయి. పాత గ్రాంటు మార్చిలో అయిపోతుంది, కొత్తది మంజూరై చేతికొచ్చేసరికి మంచు విరిగిపోతుంది. నడిపేవాళ్లు అందుకే మార్చిలోనే పెట్రోలు డ్రమ్ములు, తూటాలు, స్టవ్ గ్యాసు కొని ఊరి గోదాములో పెట్టుకుంటారు. బహుళ సంవత్సరాల ఒప్పందం ఇచ్చే శాఖ దొరికితే దాన్ని వదలరు. దొరకని ఏడాది క్యాంపు పెద్ద ఎవరో తన జీతంలోంచి పెట్రోలు పోయించి, రసీదులు దాచుకుని, జూలైలో అడుగుతారు.